కొంగులో వేలు దూరేంత చిల్లు

ముందు వార్త చెప్పేస్తాను, లేకపోతే మిగతాది రాయడానికి చెయ్యి ఆడదు. నేను డిగ్రీ పాసయ్యాను. బి.ఏ. అరవై మూడేళ్ళ వయసులో, దూరవిద్యలో, ఒక్క పేపరు కూడా తప్పకుండా. మా నాన్న వేలిముద్ర మనిషి. మా తాత ఆ వేలిముద్ర అవసరం కూడా పడని మనిషి. మా వంశంలో పేరు పక్కన డిగ్రీ రాసుకునే మొదటివాణ్ణి నేనే. ఫలితాలు వచ్చిన రోజు తిరువూరు మెయిన్ రోడ్డు మీద ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పాను. విజయవాడ బస్సు కండక్టరుకి కూడా చెప్పాను. ఆయన సంతోషించి టికెట్టు తీసుకోమన్నాడు. మా ఆవిడ మాత్రం ఇక ఉద్యోగం వస్తుందా అని అడిగింది. పని మానేసి కూర్చున్నవాడికి ఇప్పుడు ఉద్యోగమేంటి అంటే, మరి కరెంటు కాల్చుకుని చదివింది దేనికని అడిగింది. ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు.

స్టడీ సెంటరులో నాతోపాటు చదివిన పిల్లలు చిన్న పుస్తకం ఒకటి అచ్చు వేస్తున్నారు. నన్ను అంకుల్ అని పిలుస్తూనే నా నోట్సు జిరాక్సు తీసుకున్న పిల్లలు. తలా ఒక పేజీ రాయాలట. నన్ను పని గురించి రాయమన్నారు. "మాకింకా ఉద్యోగం మొదలవలేదు అంకుల్, మీకు అయిపోయింది కూడా. మీరే రాయాలి" అన్నారు. ఒక పేజీ అన్నారు గానీ పేజీ పొడుగెంతో చెప్పలేదు కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు రాస్తున్నాను.

ఒక చిన్న విషయం. మూడో ఏడాదిలో సంస్కృతి, వారసత్వం అని ఒక పేపరుంది గుర్తుందా? పాత వస్త్రాలను ఎలా కాపాడుకోవాలో రాయమని ప్రశ్న ఇచ్చారు. ముప్పై ఎనిమిదేళ్ళు పాత చీరల మీద బతికినవాణ్ణి, ఆరు పేజీలు రాశాను. అన్ని పేపర్లలోకీ దాన్లోనే నాకు తక్కువ మార్కులు వచ్చాయి. నా వెనక బెంచీ అమ్మాయి జన్మలో పట్టుచీర కట్టలేదు. గైడులో ఉన్న ఏడు పాయింట్లు దించి నాకంటే చాలా పైన ఉంది. ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. ఆ ఆరు పేజీల్లో నేను రాయలేకపోయిన సంగతి మాత్రం ఇప్పుడు చెప్తాను.

నాది రఫూ పని. బట్టకి చిల్లు పడితే దర్జీ ముక్క వేసి కుడతాడు, కుట్టు కనిపిస్తుంది. రఫూవాడు ముక్క వేయడు. అదే చీరలో, నడుము దగ్గర లోపలికి దోపుకునే కొసలోంచి పోగులు లాగి, చిల్లు ఉన్నచోట సూదితోనే మళ్ళీ నేస్తాడు. నిలువు పోగులు పరిచి, అడ్డ పోగుల్ని ఒకదాని పైనుంచి, ఇంకోదాని కిందనుంచి పోనివ్వాలి. బాగా చేస్తే చేసినట్టే ఉండదు. అందుకే మా పనికి పేరు రాదు. చెడగొడితే మాత్రం అదే రోజు వస్తుంది.

మెయిన్ రోడ్డు పక్క సందులో, చీరల రోలింగ్ షాపు అరుగు మీద నా చోటు. నలిగిన పట్టుచీరల్ని వేడి రోలరులోంచి తీసి కొత్తవాటిలా మెరిపించే షాపు అది. ఆ షాపాయన నాకంటే రెండేళ్ళు చిన్న, నోరు మాత్రం ఇరవై ఏళ్ళు పెద్ద. "భాయ్, నా పని రోడ్డవతల నుంచి కనిపిస్తుంది. నీ పని భూతద్దం పెట్టినా కనిపించదు. దేవుడు ఎవరి పక్క ఉన్నాడో నువ్వే చెప్పు" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి కాదు. ఎండ ఉన్నంతసేపే నాకు పని, మాటలు పెట్టుకుంటే ఎండ పోతుంది.

మా దగ్గర చీటీలు, రసీదులు లేవు. పెళ్ళి చీరలు, బారసాల చీరలు, అత్తగారు పెట్టినవి, అమ్మ వదిలిపోయినవి, అన్నీ తెచ్చి అరుగు మీద పెట్టి "చూడు సాయిబూ" అని వెళ్ళిపోయేవాళ్ళు. మా నాన్న కాలం నుంచీ అంతే. గంపలగూడెం నుంచి వచ్చిన మనిషి తన పేరు కూడా చెప్పకుండా వెండి జరీ చీర వదిలి బస్సెక్కేది. అలా వదిలి వెళ్తారన్నదే మా ఇంటి ఆస్తి. పొలాలూ స్థలాలూ మాకు లేవు.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగేళ్ళయింది. మాఘమాసంలో ముహూర్తాలు దగ్గరపడుతున్న రోజుల్లో కారు దిగి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళకి విస్సన్నపేట వైపు మామిడితోటలు, ఊళ్ళో ఎరువుల వ్యాపారం. అమ్మాయి హైదరాబాదులో బట్టల డిజైనింగ్ చదివింది. పదిహేను రోజుల్లో తన పెళ్ళి. పెళ్ళికి కొత్త చీర కట్టదట, వాళ్ళ నానమ్మకి వాళ్ళమ్మ నుంచి వచ్చిన చీర కడుతుందట. ఇప్పుడు చదువుకున్న ఆడపిల్లలందరూ అదే చేస్తున్నారని, ఫోనులో వీడియోలు పెడుతున్నారని చెప్పి నాకు రెండు చూపించింది. నాకు సంతోషమేసింది. మా వీధిలో నెలకోసారి మైకు పెట్టుకుని పాత పట్టుచీరలు కొంటామని తిరిగేవాళ్ళుంటారు. చీర తగలబెట్టి బూడిదలోంచి వెండి తీసుకుంటారు, బదులు స్టీలు సామాను ఇస్తారు. మన వారసత్వంలో సగం స్టీలు డబ్బాలై మన వంటిళ్ళలోనే ఉంది. కట్టుకుంటానని వచ్చిన పిల్లని చూస్తే సంతోషంగా ఉండదా?

చీర విప్పింది. ముదురు వంకాయరంగు, మామిడిపిందెల అంచు. జరీ వెండిది, నల్లబడినా చేతికి బరువు తెలుస్తోంది. ఇప్పుడలాంటి పట్టు నేసేవాళ్ళు లేరని నేననను, అలా అనడం ముసలివాళ్ళ రోగం. కానీ నేను మాత్రం అంతకుముందు చూడలేదు. కొంగులో, అంచుకి జానెడు లోపల, చూపుడువేలు దూరేంత చిల్లు. నిప్పు పడ్డ చిల్లు. చుట్టూ పట్టు కాలి, నల్లగా, గట్టిగా, గవ్వ అంచులా మెరుస్తోంది.

"అస్సలు కనబడకూడదు అంకుల్. నానమ్మకి సర్‌ప్రైజ్. డ్రై వాష్‌కి ఇస్తున్నానని చెప్పి తెచ్చాను."

చిల్లుని ఫోనులో వీడియో తీసుకుంది. దీన్ని కన్జర్వేషన్ అంటారని కూడా చెప్పింది. ఆ మాట బాగుంది. నేను చేసే పనికి అంత పెద్ద పేరుందని అప్పటిదాకా తెలియదు. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. పేరు మారితే చూపు పెరుగుతుందా అంది, ఎందుకంటే అప్పటికే నాకు సూదిలోకి దారం ఎక్కించి పెట్టేది ఆవిడే.

పిల్లలూ, నా తప్పు ఇక్కడుంది, జాగ్రత్తగా చదవండి. డబ్బున్న ఇల్లు. మా అరుగు వాళ్ళింటికి పది నిమిషాల దూరం. ఆ చిల్లు పడి డెబ్బై ఏళ్ళు దాటి ఉంటుందని పట్టు చూస్తేనే తెలుస్తోంది. అన్నేళ్ళు ఆ ఇంట్లో ఎవరూ దాన్ని ఎందుకు పూడ్పించలేదు? ఈ ప్రశ్న రఫూవాడికి రావాలి. నాకు రాలేదు. చిల్లు కనబడితే నాకు సూదే గుర్తొస్తుంది.

రెండో తప్పు దాన్లోంచే వచ్చింది. కాలిన అంచు మీద నేత నిలవదు. దాన్ని కత్తిరించి బతికున్న పోగు దాకా వెళ్ళాలి. కత్తిరించాను. మా నాన్నకి ఒక అలవాటుండేది. కత్తిరించిన అంచుని, తెగిన పోగుల్ని చిన్న కాగితంలో పొట్లం కట్టి "ఇది మీదేనండి" అని చీరతోపాటు ఇచ్చేవాడు. నేనూ కొన్నేళ్ళు ఇచ్చాను. తీసుకున్నవాళ్ళు మా అరుగు దిగకముందే కాలవలో పడేసేవాళ్ళు. వాళ్ళ బదులు నేనే పడేస్తే ఒక కాగితం మిగులుతుందని మానేశాను. ఈ చీర చిల్లు చుట్టూ కాలిన అంచు కూడా అలాగే పోయింది.

పదకొండు రోజులు, పొద్దున్న ఎండలోనే పని. పాత పట్టు పోగు చిన్నపిల్లాడి వెంట్రుకలాంటిది, ఊపిరి గట్టిగా వదిలితే లేచిపోతుంది. చివరి రోజు రోలింగ్ ఆయన వచ్చి కొంగు అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి "ఎక్కడ చేశావ్ భాయ్?" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో నేను విన్న బిరుదు అదొక్కటే. అమ్మాయి వచ్చి చూసి కళ్ళు తుడుచుకుని, నా చేతుల్ని కూడా వీడియో తీసుకుని, చీర పట్టుకెళ్ళింది. ఆ మధ్యాహ్నం నేను రెండు పూటల అన్నం ఒక పూటే తిన్నాను.

మర్నాడు సాయంత్రం అసర్ నమాజు చేసుకుని వచ్చేసరికి అరుగు ముందు ఆ అమ్మాయి తండ్రి నిలబడి ఉన్నాడు. చేతిలో కవరు, కవర్లో చీర.

"మా చీర ఏది సాయిబూ?"

"మీ చేతిలోనే ఉంది కదండీ."

"ఇది మాది కాదంటోంది మా అమ్మ."

విషయం ఏంటంటే, ఆ పెద్దావిడకి చూపు ఆగిపోయి ఆరేళ్ళయింది. మనవరాలు చీర తెచ్చి ఒళ్ళో పెట్టి, చూడు నానమ్మా అంది. ఆవిడ కొంగంతా చేత్తో తడిమింది. మళ్ళీ మొదటినుంచి తడిమింది. ఇది మా అమ్మ చీర కాదు, నా చీర నాకు తెచ్చివ్వండి అంది. అప్పటినుంచి అన్నం ముట్టలేదు.

చిల్లు పూడ్చమనే కదండీ నాకిచ్చింది, పూడ్చాను కాబట్టే చేతికి తగల్లేదు అన్నాను. ఆయనా అదే చెప్పి చూశాడట. పూడిస్తే అతుకైనా తగలాలి కదా, నన్ను పిచ్చిదాన్ని చేయకండి అందట ఆవిడ. అమ్మాయి ఫోనులో వీడియో ఉంది కదా అన్నాను. వీడియోలో చిల్లున్న చీర ఉంది, చేతిలో చిల్లు లేని చీర ఉంది, రెండూ ఒకటేనని ఎవరు చెప్పాలి అన్నాడు. నా దగ్గర కాలిన అంచు ముక్క ఒక్కటుంటే చెప్పేది. అది ఏ కాలవలో ఉందో.

"జరీ బరువు చూసి నీ మనసు మారిందేమోనని మావాళ్ళు అంటున్నారు" అన్నాడాయన చెప్పులవైపు చూస్తూ. "నేననడం లేదు."

నేననడం లేదు అన్న మాట ఎవరన్నా అంటే, అన్నది ఆయనే అని అర్థం. ఇది కూడా డిగ్రీలో చెప్పరు.

ఆయన వెళ్ళాక రోలింగ్ షాపాయన మొట్టమొదటిసారి తన డబ్బుతో నాకు టీ తెప్పించాడు. అది చూసి నాకు ఎక్కువ భయం వేసింది. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికల్లా నలుగురు వచ్చారు, పని పూర్తికాని చీరలు తీసుకెళ్ళడానికి. పెళ్ళి వాయిదా పడిందని ఒకరు, ఊరెళ్తున్నామని ఒకరు. ఒక టీచరుగారి భార్య నా ముందే చీర మడతలన్నీ విప్పి, అంచు కొస నుంచి కొస దాకా చూసి, మళ్ళీ మడతపెట్టుకుంది. ఆవిడ చీరలు ఇరవై ఏళ్ళుగా నా దగ్గరికొస్తున్నాయి. తలెత్తి నవ్వింది కూడా. నింద షేర్ ఆటోలో వచ్చేసింది. నిజం ఎక్కడో గంపలగూడెం బస్సు కోసం నిలబడి ఉంది.

నేను సూదిపొట్లం, చిన్న కత్తెర జేబులో పెట్టుకుని వాళ్ళింటికి నడిచాను. పెళ్ళికి ఇంక మూడు రోజులుంది. ఇంటిముందు పందిరి వేస్తున్నారు. హాల్లో ఒక మూల పాత ఇత్తడి సామాను, పెద్దావిడ కాసులపేరు వేసుకున్న ఫోటో, నల్ల చెక్క పెట్టె అందంగా సర్ది, మధ్యలో ఒక స్టాండు ఖాళీగా పెట్టారు. పెళ్ళిదాకా ఆ చీర అక్కడ వేలాడదీసి వచ్చినవాళ్ళకి చూపించాలని అమ్మాయి ఆశ. చీర మాత్రం కవరుతో సహా బల్ల మీద పడి ఉంది, ఎవరిదో తెలియని శవంలాగా.

పెద్దావిడ వరండాలో నవారు మంచం మీద కూర్చుని ఉంది. నా గొంతు వినగానే, "సాయిబూ, నీ మీద నాకేం పగ లేదు నాయనా. నాది నాకిచ్చేయి" అంది.

అప్పుడు అడిగాను, పన్నెండు రోజుల క్రితం అడగాల్సిన మాట. ఆ చిల్లు ఎలా పడిందమ్మా అని.

ఆవిడ చెప్పింది. ఆవిడకి నాలుగేళ్ళప్పుడు దీపావళికి వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుంది. ఎవరో వెలిగించిన మతాబు నిప్పురవ్వ ఎగిరి పిల్ల మీద పడబోతే వాళ్ళమ్మ కొంగు అడ్డం పెట్టి, ఆ నిప్పుని చేత్తోనే నలిపేసింది. పిల్లకి ఏం కాలేదు, కొంగుకి చిల్లు పడింది. ఆ మరుసటి ఏడాదే వాళ్ళమ్మ జ్వరంతో పోయింది. ముఖం గుర్తులేదు. ఫోటో లేదు. ఆ చీర ఒకటి మిగిలింది. నిద్రపట్టని రోజు పెట్టె తెరిచి ఆ చిల్లులో వేలు పెట్టి పడుకునేదట. పెళ్ళయి వచ్చాక కూడా. చూపు పోయాక, ఈ ఆరేళ్ళూ రోజూ.

కొడుకు వింటూ నిలబడ్డాడు. "నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అన్నాడు.

"నువ్వు ఎరువుల బస్తాలు లెక్కపెట్టుకుంటుంటే మధ్యలో ఇదేం చెప్పేది" అంది ఆవిడ.

నేను చెప్పాల్సింది ఒకటే ఉంది. చీర ఇలా ఇవ్వండి, మీ కళ్ళముందే విప్పేస్తాను అన్నాను. విప్పితే లోపల చిల్లుంటుంది. ఉంటే చీర మీదే, లేకపోతే నేను దొంగని.

అమ్మాయి ఏడ్చింది. "వద్దు అంకుల్. ఎల్లుండి కాక అవతలెల్లుండి పెళ్ళి. అంత అందమైన పని పాడుచేస్తారా?" అంది. నా పనిని అందమైనది అన్న మనిషే నా ముందు నిలబడి ఆపుతుంటే విప్పడం ఎంత కష్టమో చూడండి. కానీ సందులో నలుగురు చీరలు తీసుకెళ్ళారు, రేపు ఇంకో నలుగురు వస్తారు. మా నాన్న కూర్చున్న అరుగు అది.

ఎండలో కుర్చీ వేయించుకుని కొంగు ఒళ్ళోకి తీసుకున్నాను. ఇక నవ్వకండి. నాకు నా రఫూ దొరకలేదు.

అటు చూశాను, ఇటు చూశాను. అంచు నుంచి జానెడు లోపల అని గుర్తు, కొలిచి చూశాను. వెనక్కి తిప్పితే పోగుల కొసలు తగలాలి, నా గొప్ప కోసం వాటిని కూడా మొదలంటా కత్తిరించాను. పది నిమిషాలయింది. పందిరి వేసేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. కొడుకు చేతులు కట్టుకున్నాడు. ఆ చేతులు కట్టుకోవడంలోనే అర్థమైంది, ఆయన తీర్పు రాసేసుకున్నాడని. బాగా పనిచేసినందుకు దొంగగా పట్టుబడిన రఫూవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. నా చెమట చీర మీద పడుతుందేమోనని తుడుచుకుంటూ వెతికాను.

చివరికి లేచి కొంగుని సూర్యుడికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నాను. డెబ్బై ఏళ్ళు మడతల్లో నలిగి పట్టు పలచనైంది, వెలుగు దూరుతోంది. ఒక్కచోట మాత్రం వేలిగోరంత నల్లగా కనబడింది. లోపలి కొసనుంచి తీసిన పోగులు ఎండా గాలీ తగలనివి, రంగు దిగనివి. మామూలుగా చూస్తే తేడా తెలియదు, వెలుగులో తెలిసింది. అక్కడ సూది పెట్టాను.

పదకొండు రోజులు పెట్టినదాన్ని విప్పడానికి మూడు గంటలు పట్టింది. నేయడం కంటే విప్పడమే కష్టం, చుట్టూ ఉన్న పాత పోగు తెగకూడదు కదా. ఒక్కో పోగూ లాగి మోకాలి మీద పరిచాను. మధ్యాహ్నం ఒంటిగంటకి చిల్లు తెరుచుకుంది. కొడుకు వంగి చూసి కట్టుకున్న చేతులు వదిలేశాడు. కానీ తీర్పు ఆయనది కాదు. నాకు తెలుసు, ఇది ఆవిడ చిల్లు కాదు. కాలిన అంచు నేను కత్తిరించేశాను. ఆవిడ వేలికి తెలిసిన గట్టిదనం ఇప్పుడక్కడ లేదు. ఆవిడ కాదంటే ఇంక నా దగ్గర విప్పడానికేం లేదు.

చీర ఆవిడ ఒళ్ళో పెట్టాను. కొంగు తడుముతూ వచ్చి ఆగింది. చూపుడువేలు పెట్టింది. చిల్లు చుట్టూ మెల్లగా ఒకసారి తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"నాలుగు పోగులు తినేశావు సాయిబూ" అంది.

నిజంగా నాలుగే. చుట్టూ నాలుగు పోగులు. నేను కత్తిరించింది అంతే. భూతద్దం పెట్టినా కనిపించదని రోలింగ్ ఆయన అన్న పనిని, నా సూది నాకే దొరకని పనిని, చూపులేని మనిషి ఒక్క వేలితో లెక్కకట్టింది. నా జన్మలో నా పని పట్టుకున్నది ఆవిడొక్కతే.

తప్పయిందమ్మా అన్నాను. "తప్పేలే, కానీ చీర నాదే" అంది. కొడుకు నా భుజం మీద చెయ్యేసి, ఏదో అనుకున్నాం సాయిబూ, మనసులో పెట్టుకోకు అన్నాడు. నేననడం లేదు అన్నాయన అనుకున్నాం అనేసరికి నాకు ఊరట కలిగింది. మోకాలి మీది పోగులన్నీ పాత పేపరు ముక్కలో పొట్లం కట్టి ఆవిడ చేతికిచ్చాను. ఇవి మీవేనండి అన్నాను. ఆవిడ దాన్ని కొంగున కట్టుకుంది.

పిల్ల ఏడుస్తూ కూర్చుంటే, "అట్లాగే కట్టుకో, చిల్లుంటే పెళ్ళి ఆగిపోద్దా?" అంది నానమ్మ. అలాగే కట్టుకుంది. చిల్లు కథ చెప్తూ ఫోనులో వీడియో కూడా పెట్టింది. రఫూ వీడియోకి వచ్చిన లైకులకి ఎన్నో రెట్లు ఆ చిల్లుకి వచ్చాయి. పదకొండు రోజులు నేను చేసిన పని కంటే ఒక నిప్పురవ్వ చేసిన పనే జనానికి నచ్చింది. నేను పెళ్ళికి వెళ్ళాను, భోజనం బాగుంది. సందులో చీరలు మెల్లగా తిరిగొచ్చాయి. టీచరుగారి భార్య మాత్రం నెల తర్వాత వచ్చింది, ఈసారి మడతలు విప్పకుండా ఇచ్చింది. నా కంటిచూపు ఆ ఏడాదే బాగా తగ్గి, అరుగు ఖాళీ చేశాను. అప్పుడు డిగ్రీలో చేరాను, కన్జర్వేషన్ అంటే ఏంటో తెలుసుకుందామని. మూడో ఏడాది పుస్తకంలో దొరికింది. పాతదాని మీద ఏ పని చేసినా, అవసరమైతే మళ్ళీ విప్పగలిగేలా చేయాలట. క్లాసులో గట్టిగా నవ్వాను, మాస్టారు బయటికి వెళ్ళమన్నారు.

అయితే పెళ్ళయిన రెండు నెలలకి ఒక సంగతి జరిగింది. కొడుకు కబురు పెడితే వెళ్ళాను. పెళ్ళి ఆల్బమ్ వచ్చిందట. బల్ల మీద పెట్టి మెరిసే పేజీలు తిప్పాడు. తలంబ్రాలు, అప్పగింతలు, అమ్మాయి వంకాయరంగు చీరలో దేవతలా ఉంది. నేను కొంగు చూశాను. అంచుకి జానెడు లోపల చూశాను. అన్ని ఫోటోల్లోనూ చూశాను. చిల్లు లేదు.

"ఫోటోగ్రాఫరు కంప్యూటర్లో తీసేశాడు" అన్నాడాయన సంతోషంగా. "మేం చెప్పకుండానే చేశాడు. ఎక్కడుందో కనుక్కో చూద్దాం."

కనుక్కోలేకపోయాను. పోగు పోగుకీ కలిసింది, పిందెల వరస తప్పలేదు. నాకంటే బాగా చేశాడు, అదీ ఒక్క పూటలో. ఇక దీన్ని విప్పడానికి కూడా లేదు.

పెద్దావిడ పక్కనే కూర్చుని ఉంది. పేజీల చప్పుడు విని ఆల్బమ్ తన ఒళ్ళో పెట్టమంది. పెట్టాను. కొడుకు ఫోను మోగి లోపలికి వెళ్ళాడు.

"సాయిబూ, నువ్వు అబద్ధం చెప్పవు" అంది. "ఫోటోలో ఆ బొక్క పడిందా?"

"పడిందమ్మా" అన్నాను.

"ఎక్కడ?"

ఆవిడ చూపుడువేలు పట్టుకుని, కొంగు మీద, అంచుకి జానెడు లోపల ఉండాల్సిన చోట పెట్టాను. కాగితం నున్నగా ఉంది. ఆవిడ వేలు మెల్లగా ఒకసారి గుండ్రంగా తిప్పింది.

"ఆ, ఇదే" అంది.